కోటు మీద మిణుగురులు

మిణుగురూ మిణుగురూ మినుకూ మినుకూ
మా గడప దాటి లోపలికి రా
… … …
తెల్లారే దాకా తోడుగా ఉండు

మధ్యలో ఇంకో వరస ఉంది. అది మణెమ్మకి గుర్తు లేదు. అక్కడ ఎవరిదో పేరు వస్తుందని మాత్రం తెలుసు. రోజూ పొద్దున్నే ఆరింటికి కాన్పుల వార్డులో తడిగుడ్డ పెడుతూ ఆ పాట ఎత్తుకునేది. పేరు వచ్చే చోట ఆగి, ఊఁ ఊఁ అనుకుంటూ ఆ కాస్తా దాటేసి, చివరి వరస అందుకునేది. అరవై మూడేళ్ళొచ్చినా ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది.

ఆసుపత్రి విజయవాడలో కాలవ గట్టు మీద ఉంది. డాక్టరు చదువు అయిపోయాక కాన్పుల చదువు విడిగా చదువుకోడానికి వచ్చే ఆడపిల్లలు మూడేళ్ళు అక్కడ ఉంటారు. వాళ్ళని పీజీలంటారు. వచ్చిన కొత్తలో నెత్తురు చూసి గోడ పట్టుకునే పిల్లలే, వెళ్ళేనాటికి చేత్తో తడిమి బిడ్డ తల ఎటుందో చెప్పేస్తారు. మణెమ్మ అక్కడ ఆయాగా చేరి ఇరవై రెండేళ్ళు. అన్ని బ్యాచ్‌లూ ఆమె చేతి టీ తాగి వెళ్ళినవే.

ఆమెకి అక్షరాలు నేర్పింది కూడా వాళ్ళే. పుట్టిన బిడ్డ మణికట్టుకి తల్లి పేరు రాసిన ప్లాస్టరు చుడతారు. మణెమ్మకి యాభై దాటాక ఒకరోజు, మిగిలిపోయిన ప్లాస్టరు ముక్క మీద ఒక పీజీ అమ్మాయి ఆమె పేరే రాసి ఆమె చేతికి చుట్టింది. "ఇది మ. ఇది ణె" అంది. ఆ ణ మెలికలు తిరిగిపోయి ఉంటుంది. అది చేతికి లొంగడానికి నెల పట్టింది. ఆ తర్వాత ప్లాస్టర్లన్నీ మణెమ్మే రాసేది. తెలుగు వరకే. పేషెంట్ల కేస్ షీట్లు ఇంగ్లీషులో ఉంటాయి. అవి ఆమె కంటికి చీమల బార్లు.

డాక్టర్ కృప మొదటి సంవత్సరం పీజీ. వాళ్ళ నాన్న డేనియల్ ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు ప్లాంటులో పని చేస్తాడు. ఆరో తరగతి నుంచీ కిటికీలకి జాలీలు కొట్టిన హాస్టళ్ళలో, ర్యాంకుల కోసం చదివిన పిల్ల. మెత్తని పిల్ల. ఎంత చిన్న పేషెంటునైనా అండీ అనకుండా పలకరించేది కాదు.

ఆ విభాగానికి పెద్ద అమలమ్మ మేడం. ఆవిడ పీజీలకి చెప్పే మొదటి పాఠం ఒకటే. "పేషెంటు ఏం చెప్పిందో ముందు అది రాయండి. మీకు తోచింది తర్వాత."

డిసెంబరులో ఒకరోజు పదకొండింటికి, ఓపీలోకి కోడూరు అవతల్నించి నాగదుర్గ అనే అమ్మాయి వచ్చింది. తొలిచూలు. ఎనిమిదో నెల. కృప బీపీ చూసింది. కాస్త ఎక్కువుంది. తలనొప్పి ఉందా అని అడిగింది. బస్సులో నిలబడి వచ్చాం కదండీ, ఉండదా అంది ఆ అమ్మాయి.

"ఇంకేమన్నా ఇబ్బందుందా అండీ?"

"మిణుగురులు కనపడతన్నాయండీ."

కృప గోడలకేసీ, పైన ఫ్యాను కేసీ చూసి, షీటులో ఏదో రాసుకుంది.

మణెమ్మ అక్కడే బకెట్టుతో ఉంది. ఆ మాట చెవిన పడగానే చెయ్యి ఆగింది. డాక్టరమ్మ రాస్తోందిగా, అనుకుంది. మెడ చాచి షీటు కేసి చూసింది కూడా. చీమల బారు కనపడింది. బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

మూడింటికి నాగదుర్గకి ఫిట్సొచ్చాయి. గబగబా ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. బతికింది. తల్లి మాత్రం తెలివిలోకి రాలేదు, మర్నాడు పొద్దున పోయింది. బిడ్డ చేతికి మణెమ్మే 'నాగదుర్గ పాప' అని రాసి చుట్టింది. ఆ ప్లాస్టరు మీద పాప అన్న మాట కిందికి జారిపోయింది.

నాగదుర్గ కళ్ళు మూసింది కృపే. మూసిన రెప్పల కిందనుంచి మిణుగురులు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. మొత్తం పదకొండు. పట్టపగలే మినుకుమంటూ కాసేపు మంచం మీద తిరిగి, దగ్గర్లో ఉన్న తెల్లకోటు మీద వాలాయి. ఇక అక్కణ్నుంచి కదల్లేదు.

ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. హెడ్ సిస్టరు మాత్రం ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ఆపి, "కోటు బయట తగిలించి రండి డాక్టరుగారూ, లోపల మా లైట్లు మాకున్నాయి" అనేది. వన్ టౌన్ నుంచి వచ్చే చాకలి, కోటు విప్పి చూసి వెనక్కిచ్చేశాడు. "ఇస్తిరీ పెట్టలేనమ్మా, కాల్తాయి పాపం. చేత్తోనే ఉతుక్కోండి, నెమ్మదిగా" అన్నాడు. కృప అలాగే ఉతుక్కునేది. ఆరేసిన తీగ మీద కోటు మినుకుమినుకుమంటూ ఆరేది.

ఆసుపత్రిలో తల్లి పోతే, పెద్ద డాక్టర్లూ పీజీలూ అందరూ కూర్చుని ఆ షీటు మొదట్నుంచీ చదువుతారు. ఎక్కడ తప్పిందో చూసుకుంటారు. ఆ సమావేశానికి టీ తీసుకెళ్ళింది మణెమ్మే. అమలమ్మ మేడం కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఇంగ్లీషులో చదివి, తనకే నమ్మకం కుదరనట్టు మళ్ళీ తెలుగులో చెప్పింది.

"పురుగులు కనపడుతున్నాయని చెబుతోంది. శానిటేషన్ వాళ్ళకి తెలియజేశాం."

షీటు కింద పెట్టి కృప కేసి తిరిగింది.

"ఏమందమ్మా ఆ అమ్మాయి? తన మాటల్లో చెప్పు."

"మిణుగురులు కనపడుతున్నాయంది మేడం."

"మిణుగురులంటే ఏమనుకున్నావు?"

"దోమల్లాంటివి అనుకున్నాను" అంది కృప. "నేనెప్పుడూ చూళ్ళేదు మేడం."

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత, బీపీ పెరిగి ఫిట్స్ రాబోయే ముందు కళ్ళ ముందు మెరుపులు కనపడతాయనీ, మన పల్లెల్లో ఆడవాళ్ళు దాన్ని ఆ మాటతోనే చెబుతారనీ, ఆ మాట విన్న క్షణాన మందు మొదలుపెట్టాలనీ మెల్లగా చెప్పింది. ఎవరినీ కేకలెయ్యలేదు. కృప తలొంచుకుని తన కోటు కేసి చూసుకుంది. దాని మీదున్నవాటి పేరు ఆ పిల్లకి అప్పుడే తెలిసింది.

నాగదుర్గ పోయిన నాలుగు వారాలకి ఒక బుధవారం మధ్యాహ్నం, కాలవ వైపు మెట్ల మీద కృప ఒక్కతే కూర్చుని ఉంది. ఇంటినుంచి తెచ్చిన క్యారేజీ మూత తియ్యలేదు. మణెమ్మ వెళ్ళి ఒక మెట్టు కింద కూర్చుంది.

"లెటరిచ్చేశారంట."

"ఇచ్చాను. శుక్రవారం దాకా డ్రాయర్లో పెడతానన్నారు మేడం. ఆ సాయంత్రం సంతకం పెడితే సీటు వదిలేసినట్టే."

"తర్వాతేం చేస్తారు?"

"ఏదో ఒకటి. మనుషుల మాట వినక్కర్లేని ఉద్యోగం."

"అలాంటిది నాకు తెలిసి శవాల గదిలో కూడా లేదమ్మా. అక్కడా చుట్టాలుంటారు."

కృప నవ్వలేదు. మణెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేను కూడా విన్నానమ్మా ఆ మాట. అక్కడే ఉన్నాను."

కృప తలెత్తింది.

"మాది కూచిపూడి అవతల. మగ్గాల ఇల్లు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అక్క వెంకటరావమ్మ పురిటికొచ్చింది. మిట్టమధ్యాహ్నం మంచంలో పడుకుని, మణీ, మిణుగురులే, ఎన్నున్నాయో అంది. నేను చప్పట్లు కొడుతూ వాకిట్లోకి పరిగెత్తాను, పట్టుకుందామని. వచ్చేసరికి అక్క కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. గాలి సోకిందన్నారు. ఆ మిణుగురులు మగ్గం మీద పడుగు దారాలని పట్టుకుని ఉండిపోయాయి. నెల్లాళ్ళు మా నాన్న ఆ మగ్గం ముట్టుకోలేదు. పాట నేర్పింది కూడా ఆవిడే. ఒక వరస తనతో పట్టుకుపోయింది."

కాలవలో ఒక గుర్రపుడెక్క కట్ట నెమ్మదిగా వెళ్ళిపోతోంది.

"నాకు తెలుసమ్మా ఆ మాటకి అర్థం. మీకు చెప్పాల్సిందాన్ని. రాస్తున్నారుగా అనుకున్నాను. మాలాంటోళ్ళం, అక్షరాలు ఆలస్యంగా వచ్చినోళ్ళం, కాయితం మీద పడిందల్లా తెలిసే రాస్తారనుకుంటాం."

కృప మొహం ఎర్రబడింది. "మీరు చెప్పుంటే బతికేది" అంది.

"ఔనమ్మా. బతికేది."

కృప అలా చూసి చూసి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆ నాలుగు వారాల్లో ఏడవడం అదే మొదలు. ఏడుస్తుండగా కోటు మీంచి మిణుగురులు కొన్ని లేచి, మణెమ్మ భుజం మీద పమిటకి అంటుకున్నాయి. లెక్కపెడితే అయిదు. కోటు మీద ఆరు మిగిలాయి. మణెమ్మ వాటిని దులుపుకోలేదు. క్యారేజీ మూత తీసి, పప్పన్నం కలిపి, పిల్ల చేతిలో పెట్టింది.

శుక్రవారం ఓపీలో కృపకి అదే ఆఖరు పూట. పన్నెండున్నరకి సాయిశ్రీ అనే అమ్మాయిని అత్తగారు తీసుకొచ్చింది. అడిగినవాటన్నిటికీ అత్తగారే జవాబు చెబుతోంది. నెలలు ఆవిడే చెప్పింది, తిండి ఆవిడే చెప్పింది, నిద్ర కూడా ఆవిడే చెప్పింది. బీపీ చూస్తే మరీ ఎక్కువేం కాదు, గీత మీద ఉంది. పద్ధతి ప్రకారం అయితే మాత్రలు రాసి, వారంలో రమ్మనొచ్చు. కృప చీటీ ముందుకు లాక్కుంది.

కోటు మీది మిణుగురు ఒకటి లేచింది. బల్ల దాటి వెళ్ళి సాయిశ్రీ కనుబొమ మీద వాలింది. వెనకే ఇంకొకటి. మూల తడిగుడ్డ పెడుతున్న మణెమ్మ పమిట మీంచి అయిదూ లేచాయి. కాసేపటికి పదకొండూ ఆ అమ్మాయి నుదుటి మీద, పాపిట బిళ్ళ పెట్టినట్టు, వరసగా కూర్చున్నాయి.

కృప కలం కింద పెట్టింది. అత్తగారి కేసి చూడకుండా అడిగింది.

"మిణుగురులు కనపడుతున్నాయా అండీ?"

సాయిశ్రీ మొదటిసారి నోరు విప్పింది. "మొన్నటి నుంచండీ."

"మినప చేల పక్కన ఇల్లండీ మాది" అంది అత్తగారు. "వస్తా ఉంటాయిలే అన్నాను."

"పగలు కూడానా అండీ?"

అత్తగారు కోడలి మొహం కేసి తిరిగి చూసింది.

కృప ఆ అమ్మాయిని పడుకోబెట్టి, పావుగంట ఆగి మళ్ళీ బీపీ చూసింది. ఈసారి పాదరసం పైపైకి పోయింది. మేడంకి ఫోను చేసింది. ఇంజెక్షన్ తియ్యమని సిస్టరుకి చెప్పింది. అన్నీ చేస్తూనే షీటు దగ్గరికొచ్చి, మొదటి గీత మీద కలం పెట్టి, మి అని రాసి ఆగిపోయింది.

"మణెమ్మగారూ, ణు ఎలా రాస్తారు?"

మణెమ్మ తుడుస్తున్న గుడ్డ బకెట్టులో వేసి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"నా పేరులో ఉందమ్మా అది" అని కలం అందుకుంది. మెలిక మెలికా తిప్పి ణు రాసింది. మిగతా రెండక్షరాలూ తనే రాసింది. ఇంగ్లీషు చీమల బార్ల పైన, ప్లాస్టరు మీద రాసే అంత పెద్ద అక్షరాలతో, మిణుగురు.

సాయిశ్రీకి ఫిట్స్ రాలేదు. నాలుగింటికి అమలమ్మ మేడం ఆపరేషన్ చేస్తుంటే ఎదురుగా నిలబడి సాయం చేసింది కృపే. మగపిల్లాడు. చిన్నవాడే కానీ గొంతు పెద్దది. మర్నాటికల్లా ఆ అమ్మాయి లేచి కూర్చుని, అత్తగారితో కాఫీలో పంచదార ఎక్కువైందని అంది. ఆవిడ వెళ్ళి ఇంకో గ్లాసు తెచ్చింది.

ఆ శుక్రవారం సాయంత్రమే మేడం ఆ షీటు తీసుకుని పై వరస చాలాసేపు చూసింది. ఈ రాత ఎవరిదని అడగలేదు. డ్రాయర్ లాగి, కృప ఇచ్చిన లెటరు తీసి, తిరగేసి బల్ల మీద పెట్టింది.

"వెనక వైపు ఖాళీగా ఉంది. మణెమ్మని కూర్చోబెట్టి, మన ఆడవాళ్ళు వాడే ఇలాంటి మాటలన్నీ రాయించు. రేపటికి కావాలి నాకు."

ఆ కాయితం ఇప్పటికీ ఓపీ గోడకి పటం కట్టి ఉంది. కొత్తగా వచ్చిన పీజీలు ముందు అది చదివాకే బల్ల దగ్గర కూర్చుంటారు.

సాయిశ్రీ నుదుటి మీది మిణుగురులు ఆపరేషన్ అవుతుండగానే కిటికీలోంచి కాలవ మీదికి వెళ్ళిపోయాయి. పది. ఒకటి వెనక్కొచ్చి కృప కాలరు కింద దూరింది. అది ఆ పిల్లతోనే ఉండిపోయింది.

చదువు పూర్తయ్యాక కృపకి దివిసీమ వైపు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. నాగదుర్గ వాళ్ళ ఊరికి ఎనిమిది మైళ్ళు. కావాలనే అడిగి వేయించుకుందన్నారు. వెళ్ళే రోజు మణెమ్మ ఆటో దాకా వచ్చింది. ఆమెకీ ఆ నెలాఖరుకి పని ఆఖరు. ఇద్దరికీ మళ్ళీ కలిసే వీలు లేకపోయింది. కృప సంచీలు లోపల పెట్టి, మణెమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

"ఆ వరస గుర్తొచ్చిందా అమ్మమ్మా?"

"లేదమ్మా. ఇక రాదు."

ఆటో కదిలింది. కృప తల బయటపెట్టి వెనక్కి చూసింది. కాలరు కింద ఒకసారి మినుక్కుమంది.

"ఆ పేరొచ్చే చోట నేను నాగదుర్గ అని పెట్టి పాడుకుంటున్నానమ్మమ్మా, సరిపోతోంది."