పొగ కాదు, భోగ్

చాందికి పదకొండేళ్లు. మూడేళ్లుగా పడుకుంటే పిల్లికూతలు, లేస్తే దగ్గు. దవాఖానాలో డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేశాడు: ఈ గాలి వదిలితేనే పిల్ల దక్కుతుంది. చెప్పడానికేం, ఎన్నయినా చెబుతారు. ఖమ్మం ఊరు పెరిగి పెరిగి తండా దాకా వచ్చింది, తండా వెనకాలే ఇనుప ఫ్యాక్టరీ, దాని బొగ్గుపొగ గొట్టం. ఇవన్నీ వదిలి తల్లి జమ్లి పిల్లను ఎక్కడికి తీసుకుపోతుంది?

తండా అంతా కాళ్లరిగేలా తిరిగితే, రెండువేల ఆరులో కంపెనీ ఒక మాటకు దిగొచ్చింది. గాలిలో ఉన్నది తమ బొగ్గుదుమ్మేనని తేలితే ముప్పై కుటుంబాలకూ దూరంగా, అడవి వైపు ఇళ్లు కట్టిస్తామంది. ఆ సంగతి తేల్చడానికి యూనివర్సిటీ నుంచి ప్రభాకర్ సారు ఒక మిషను తెచ్చాడు. తండాలో స్లాబు పడింది జమ్లి ఇంటికే కాబట్టి మిషను ఆ మేడెక్కింది.

"ఇది గాలి గుంజుతదమ్మా. లోపల తెల్లకాగితానికి సన్నదుమ్ము అంటుకుంటది. వెంట్రుక మందంల ముప్పయ్యో వంతు ఉంటది, సీదా ఊపిరితిత్తులల్లకు పోతది. బొగ్గుదైతే గంధకం జాడ ఎక్కువుంటది, కట్టెపొగదైతే పొటాషియం. పది రోజులు ఈడ పొగ పెట్టనియ్యకు."

జమ్లి ఆ మాట తు.చ. తప్పలేదు. తన పొయ్యిని తండా ఆ కొసన ఉన్న కమ్లి ఇంటికి మార్చింది. మొగుడు ధన్‌సింగ్ బీడీ తీస్తే చాలు, రోడ్డు మీదికి తరిమింది. పాపం, ఆ పది రోజులూ అతను ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువున్నాడు.

కానీ బిడ్డ ప్రాణం గురించి సాక్ష్యం చెప్పాల్సిన మిషనును ఊరికే ఎలా వదిలేస్తుంది? తెల్లవారకముందు ఒకసారి, దీపాల వేళ ఒకసారి దాని ముందు పెంకులో మోదుగ నిప్పులు పెట్టి, నెయ్యీ బెల్లమూ వేసి తండా దేవత మేరామా యాడికి భోగ్ పెట్టింది. "నిజం చెప్పించు తల్లీ" అని మొక్కింది. పదింటికి సారు కాగితం మార్చడానికి వచ్చేసరికి బూడిదంతా ఎత్తేసి, మేడను అద్దంలా తుడిచి ఉంచేది. ఎంత శుభ్రమని సారు మెచ్చుకున్నాడు కూడా.

రెండు నెలలకు ప్రభాకర్ ఫైలు పట్టుకుని వచ్చాడు. మొహంలో కళ లేదు.

"రిపోర్టు కంపెనీకి పోయిందమ్మా. కాగితాల నిండ కట్టెపొగనే. బొగ్గుది పావు వంతు గూడ లేదు. మేడ మీద ఎవరన్న పొగ పెట్టిండ్రా?"

"లేదు సారు. బీడీ గూడ ముట్టియ్యనియ్యలే."

"మరి గింత పొటాషియం ఏడికెల్లొచ్చింది? నెయ్యో నూనెనో మాడిన జాడ గూడ ఉన్నది."

జమ్లి మొహం విప్పారింది. "అది పొగ కాదు సారు, భోగ్. యాడికి నేనే పెట్టిన, దినాం రెండుసార్లు."

ఆ భోగ్ పొగే కాగితాలకు పట్టిందని, ఇక ఇళ్లు రావని ప్రభాకర్ మెల్లగా విడమరిచి చెప్పాడు. సగం వినేసరికే జమ్లి చేతులు జోడించింది.

"తప్పు నాది సారు. తండకేం జెయ్యకుండ్రి. మళ్లొక్కసారి పెట్టు సారు, నీ కాళ్లు మొక్కుత."

అతను అక్కడినుంచే కంపెనీకి ఫోన్ చేశాడు. పరీక్ష ఒక్కసారికే ఒప్పుకున్నామని అవతల పెట్టేశారు. ఆ మనిషి మాత్రం ఏం చేస్తాడు, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. జరిగింది తండాలో ఎవరికీ చెప్పే ధైర్యం జమ్లికి లేకపోయింది.

ఆ నెలాఖరుకు కంపెనీ వ్యాను నిండా పొగరాని పొయ్యిలు దిగాయి. మేనేజరు వెంకటరామారావు మైకందుకుని, పిల్లల రోగాలకు మూలం మీ కట్టెపొయ్యిలేనని పరీక్షలో తేలిందన్నాడు. ఇళ్ల ఊసే ఎత్తలేదు. మిషనుకు చోటిచ్చిన ఇల్లని మొదటి పొయ్యి జమ్లికే ఇచ్చాడు. ఫొటో తీశారు. తండా చప్పట్లు కొట్టింది. జమ్లికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

చాంది దగ్గుతూ వచ్చి పొయ్యిని తడిమి చూసి తల్లిని అడిగింది.

"యాడీ, దీన్ని అడివికాడి కొత్తింట్ల పెడ్తమా?"

జమ్లి పొయ్యిని చంకకెత్తుకుంది.

"అవ్" అన్నది.