గోరింటాకు వేలికి పన్నెండు

మాతో పనిచేసే హిమజ కార్డు మీద రక్తం పన్నెండు అని రాసి ఉంది. కాన్పయిన మూడు గంటలకే, నెత్తురు ఆగక, మా కళ్ల ముందే చనిపోయింది. కింది రెప్ప లాగి చూసిన నర్సు షబ్నం, "తెల్లగా పాలిపోయి ఉందే తల్లీ! పన్నెండు ఎక్కడిది?" అని ఏడ్చింది.

ఆ పన్నెండు ఆషాఢంలో వచ్చింది. నరసరావుపేట దగ్గర మిరపకాయల తొడిమలు తీసే మా షెడ్డుకు కొత్త మిషను తెచ్చారు. సూది అక్కర్లేదు, గోటికి క్లిప్పు పెడితే రక్తం ఎంతుందో చెబుతుందట. అందరికీ పన్నెండు చూపింది. అందరికీ ఐరన్ మాత్రలు ఆపేశారు. నాకొక్కదానికే ఎనిమిది.

"మామతో పాటు నీ నెత్తురూ పోయిందా అత్తా?" అంది సుకన్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

హిమజ దినం నాడు విస్తళ్ల ముందు, నా పక్కన కూర్చున్న శేషారత్నం అందరి చేతులూ చూసింది. గోళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ముండమోసిందని గోరింటాకు పెట్టుకోనిది నువ్వొక్కదానివే గదా వదినా! ఆ మిషను చూసింది మన నెత్తురు కాదే, గోరింటాకు!"

అందరం సుకన్య వైపు తిరిగాం. సుకన్యకు ఏడో నెల. ఆమె కార్డు మీదా పన్నెండే.

మళ్లీ సూదితో చూపించమని అడిగితే, "మీరేమన్నా డాక్టర్లా? పోయి కాయలు చూసుకోండి" అన్నాడు మేస్త్రీ చెన్నకేశవరావు.

"కాదు. చచ్చేవాళ్లం" అంది సుకన్య.

జిల్లా అంతటికీ ఆ మిషన్లు కొనాలా వద్దా అని పేటలో మీటింగు పెట్టారు. నలభై మందిమి పని మాని వెళ్లాం. మా మాట కూడా వినమన్నాం.

"ప్రజల తరఫున మేడం ఉన్నారుగా" అని అధికారి కోల్డ్ స్టోరేజీ యజమాని భార్యను చూపించాడు.

"ఆమె వేలు పెట్టిందా దాంట్లో?" అంది శేషారత్నం.

"అభిప్రాయం చెప్పారు."

సుకన్య బల్ల మీద, మిషను పక్కనే రెండు చేతులూ పెట్టింది. "ఈ వేలికి మిషను పెట్టండి. ఆ వేలికి సూది గుచ్చండి. రెండూ పైకి చదవండి."

"ఇది ఆస్పత్రి కాదమ్మా."

"మా షెడ్డు ఆస్పత్రా ఏంది?"

షబ్నం లేచి సంచిలోంచి సూది, రక్తం చూసే కిట్టు తీసింది.

"ఉద్యోగం పోతుంది, చూసుకో" అన్నాడు అధికారి.

"హిమజే పోయింది సార్" అని ఒక వేలికి క్లిప్పు పెట్టి, ఇంకో వేలికి సూది గుచ్చింది.

మిషను పన్నెండు. సూది ఆరున్నర.

అధికారి ఫైలు మూసి, "నోట్ చేసుకుంటాం" అన్నాడు. తర్వాత పోలీసులకు ఫోను చేశాడు. షబ్నాన్ని, శేషారత్నాన్ని జీపు ఎక్కించారు. ఎక్కుతూ శేషారత్నం అరిచింది: "ఏమే, లేవమాకండి!"

లేవలేదు. సుకన్యను మధ్యలో పెట్టుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాం.

"ముందు ఈ పిల్లకు నెత్తురు ఎక్కించండి. అందరికీ మళ్లీ సూదితో చూడండి" అన్నాను. "అప్పటిదాకా మీరూ బయటికి పోరు, ఆ మిషనుకు మా వేలూ దొరకదు."

అందరం పిడికిళ్లు బిగించాం.