మరిది కోటులోని మాత్రలు

చైనాలోని మా లోంగ్‌చువాన్ కొండల్లో ముప్ఫయ్యేళ్లుగా లింగ్‌ఝీ అనే మందు పుట్టగొడుగులు పండిస్తున్నాను. మొద్దులు కోసి మట్టిలో పాతడం, గొడుగులకు కాగితం చుట్టడం, అందులో రాలిన గోధుమరంగు పొడిని మెత్తగా ఊడ్చుకోవడం, అన్నీ నా చేతుల మీదే. రోజూ నాలుగు ముక్కలు మరగబెట్టుకుని తాగుతాను. ఒకటే చేదు. కాస్త ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది. అంతకు మించి అది నాకు ఏ మాటా ఇవ్వలేదు.

మాట ఇచ్చింది నా మరిది బావోఫా. నా పొడినే బంగారు రంగు డబ్బాల్లో పోసి పట్నంలో ముసలివాళ్లకు అమ్ముతాడు. పోయిన చలికాలం వాడి మాట నమ్మి మా ఆయన షూగెన్ గుండె మాత్రలు మానేశాడు. నలభై రోజులు తిరక్కుండానే పోయాడు. శవం పక్కన నిలబడి, "ఇంకో రెండు డబ్బాలు వాడుంటే బతికేవాడు వదినా" అన్నాడా దగుల్బాజీ. వీణ్ని నలుగురిలో నిలబెట్టి కడగకపోతే నాకు మనశ్శాంతి లేదని ఆ రోజే అనుకున్నాను.

వేసవిలో వాడే వచ్చాడు. "నా సభకి రా వదినా. పండించే మనిషి చెబితే జనం నమ్ముతారు."

"వస్తాలే, అంతకంటేనా" అన్నాను.

గుడ్లు ఉచితంగా ఇస్తారని నలభై మంది ముసలివాళ్లు, వాడు చెప్పినట్టే తాము వాడే మందులు వెంట తెచ్చుకుని, పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. బావోఫా ఉక్కకు తాళలేక కోటు విప్పి నా చేతికిచ్చాడు. ఎర్ర బకెట్ ఒకటి ముందుకు జరిపి మైకు అందుకున్నాడు.

"అమ్మమ్మలూ, తాతయ్యలూ! లింగ్‌ఝీ ఉండగా ఈ బిళ్లలెందుకు? ధైర్యంగా ఇందులో పడేయండి!"

ఒక్కొక్కరే లేచి వేశారు. ముందు వరుసలో ఒకావిడ తన అట్ట రెండుసార్లు వెనక్కి తీసుకుని, చివరికి వేసేసింది.

నా వంతు వచ్చింది, వాడే మైకు నా నోటి ముందు పట్టాడు. "లింగ్‌ఝీ మంచిదే, నేనూ తాగుతాను. డాక్టరు మందు మానేసి కాదు. మా ఆయన మానేసి చచ్చిపోయాడు. సరే, మా మరిది మాట నిజమైతే ముందు తన మాత్రలు ఇందులో వెయ్యమనండి."

"నాకు మాత్రలేంటి వదినా, పరాచికాలా?" అని నవ్వాడు.

మా ఇంట్లో భోంచేసినప్పుడల్లా గోడవైపు తిరిగి ఏం మింగేవాడో వండిపెట్టినదాన్ని నాకు తెలియదా! నా చేతిలో ఉన్న వాడి కోటు లోపలి జేబులోంచి ఏడు గదుల మాత్రల డబ్బా తీసి, మూత తెరిచి బకెట్ మీద పట్టుకున్నాను.

"వద్దు వదినా! మధ్యాహ్నం వేసుకోకపోతే నా గుండె ఆగిపోద్ది!"

మైకు వాడి చేతిలోనే ఉంది. సభంతా విన్నది.

"నీ గుండెకి మాత్ర కావాలి, మీ అన్న గుండెకి పొడి చాలా?"

ఇందాకటి ఆవిడే ముందు లేచింది. "నా బిళ్లలు నాకియ్యరా, సన్నాసీ!" ఆమె వెనక అందరూ కదిలారు. మందులు కలిసిపోతాయని అందర్నీ కూర్చోబెట్టి బావోఫా చేతే తీయించాను. వాడు ఆ బకెట్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఎవరి అట్ట ఏదో అడిగి అడిగి ఇచ్చాడు. కొందరు తిట్టి తీసుకున్నారు. ఒక తాత వాడి మొహాన గుడ్డు కొట్టాడు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అందరూ వెళ్లిపోయారు. "నా డబ్బా వదినా, టైమైపోయింది" అని చెయ్యి చాపాడు.

"మీ అన్న మాత్రల్లేకుండా ముప్ఫై తొమ్మిది రోజులు ఆగాడు. నువ్వో గంట ఆగు."

డబ్బా ఒళ్లో పెట్టుకుని, కుర్చీ లాక్కుని వాడికి ఎదురుగా కూర్చున్నాను.