రాయనివ్వని మాట

"ఎలుకల ఋతుచక్రం గురించి రికార్డు బుక్కులో రాయకమ్మా, చూసేవాళ్ళకి బాగోదు" అని మా రాజమహేంద్రవరం కాలేజీ ల్యాబులో, నా దగ్గర పరిశోధన చేస్తున్న నాగదుర్గతో అన్నది నేనే. ఇరవై ఏళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్న నాకు ఆ మాట కాగితం మీద కనబడితేనే సిగ్గు.

ఏడాదిపాటు ఆడ ఎలుకల మెదడులో హార్మోన్లను నడిపే కణాల విద్యుత్తు కొలిచాం. ఒకరోజు స్తబ్దుగా ఉంటాయి, మరోరోజు ఆగకుండా స్పందిస్తాయి. "నీ చెయ్యి కుదురుగా లేదు, అందుకే కొలతలు ఇలా వస్తున్నాయి" అని నాగదుర్గను అందరి ముందూ కసిరాను.

నిన్న సొంత డైరీ తెచ్చింది. కొలిచిన ప్రతిసారీ ఆ ఎలుకకు ఋతుచక్రంలో ఎన్నో రోజో అందులో ఉంది. అండం విడుదలయ్యే ముందే, ప్రతిసారీ, కణాలు జోరందుకున్నాయి.

"సారీ అండి, మీరొద్దన్నా రాసుకున్నానండి" అంది.

చివరికి క్షమాపణ కూడా ఆ పిల్ల చేతే చెప్పించుకున్నాను.