1957లో పోయిన సూర్యనారాయణమూర్తి

గ్రంథాలయ వారోత్సవాలకు పన్నెండు రోజుల ముందు, ఆత్రేయపురంలో టీచరుగా రిటైరైన సూర్యనారాయణమూర్తి రాజమండ్రి లైబ్రరీకి వచ్చారు. సన్మానాల జాబితాలో తన పేరు ఎందుకు లేదని అడిగారు. ఎవరి పుస్తకాలను పాఠకులు కనీసం యాభైసార్లు ఇంటికి తీసుకెళ్ళారో ఆ స్థానిక రచయితలకు ఈసారి శాలువా కప్పుతున్నారు. ఆయన పేరు మీద రెండువందల పద్నాలుగుసార్లు ఉన్నాయని ఎవరో చెప్పారు. భార్య వరహాలక్ష్మి ఆ సంగతి వియ్యాలవారికి ఫోన్ చేసి చెప్పేసింది కూడా.

లైబ్రేరియన్ తబిత కంప్యూటర్ ఆయన వైపు తిప్పింది. ఆయన పేరు పక్కన 1889–1957 అని ఉంది.

"సన్మానం బతికున్నవాళ్ళకేనండి. మీరు పోయారు."

ఆయన సంచిలోంచి పింఛను కోసం ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టారు. 1957లో పోయింది తాతగారు. మూడు నెలలకు మనవడు పుడితే ఆ పేరే పెట్టారు. తాతగారు ముహూర్తాల మీద పుస్తకం రాశారు, మనవడు అరటి తెగుళ్ళ మీద.

రచయితల పేర్ల ఫైలు మూడు ఊళ్ళ లైబ్రరీలకు ఉమ్మడి. ఈ రెండు పుస్తకాలనూ ఒకే పేరు కింద చేర్చింది జంగారెడ్డిగూడెం లైబ్రేరియన్ జీవరాజు. తబిత అతనికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. రెండు పుస్తకాల మీదా అదే పేరు, అదే ఊరు ఉన్నాయని, అరటి పుస్తకం అట్ట వెనక 1957 అని కూడా ఉందని జీవరాజు చెప్పాడు.

"అది నేను పుట్టిన ఏడాదయ్యా. 1957లో పోయినాయన పవర్ స్ప్రేయర్ గురించి ఎలా రాస్తాడు?"

"ముహూర్తాలు పెట్టేవారు కదండి. ముందే తెలిసిందనుకున్నాను."

ఇద్దరినీ విడదీయడానికి జీవరాజు ఒప్పుకున్నాడు. రచయిత సంతకం ఉంటే చాలన్నాడు. తబిత కాగితం నింపుతూ, ఎవరి పుస్తకం ఎన్నిసార్లు బయటికి వెళ్ళిందో చూసింది. తాతగారిది రెండువందల పన్నెండు. మనవడిది రెండు. ఆ రెండుసార్లూ తీసుకెళ్ళింది రచయితే.

సూర్యనారాయణమూర్తి కలం కింద పెట్టారు.

"పోనీ, ఆ పోయిన సంవత్సరం ఒక్కటీ తీసేస్తే సరిపోదా అమ్మా?"

"అప్పుడు మీకు నూట ముప్పయ్యారేళ్ళు వస్తాయండి."

"వారోత్సవాలు అయ్యేదాకా ఉంటాను లెండి."

తబిత కలం తీసి ఆయనకు అందించింది. కాసేపటికి ఆయన సంతకం చేశారు. ఆమె ఆయన పుస్తకం తెప్పించి, తన కార్డు మీద రాసుకుంది.

"మీకు అరటిచెట్లున్నాయా అమ్మా?"

"లేవండి. అపార్టుమెంటు."

"అయినా చదవండి."

ఆత్రేయపురం బస్సు నాలుగింటికి. అప్పటిదాకా ఆయన పేపర్లు చదివే గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళందరినీ అరటితోట ఉందా అని అడిగారు. లేచి వెళ్ళేసరికి ఆయన పుస్తకం లెక్క మూడు కాస్తా అయిదయింది.