కట్ట మీది పిలుపు

సుమిత్రమ్మ వాళ్లన్న హన్మయ్యకు రేడియో అంటే మొదటినుంచీ గిట్టలేదు.

"గుట్టమీద నిలవడి కూతవెడితే అవుతలి గుట్టమీది గొర్లు మర్లి వచ్చేటియి. నాకు గీ డబ్బ ఎందుకే చెల్లె?" అనేవాడు.

ఆ గుట్టలు ఇప్పుడు లేవు. ప్రాజెక్టు కట్టినప్పుడు గొర్రెలు మేసే బీడంతా నీళ్ల కిందికి పోయింది. నీళ్ల నడుమ ఒక్క బోడగుట్ట తల మాత్రం మిగిలింది. మంద అమ్ముకున్నవాళ్లు కొందరు తెడ్డు వేసి పుట్టి నడపడం నేర్చుకుని, చేపలు పట్టి తాండూరు అంగడికి పంపుకుంటూ బతుకుతున్నారు. హన్మయ్య వాళ్లలో పెద్దవాడు. సుమిత్రమ్మ భర్త పోయాక పెద్దేముల్ నుంచి రోజూ ఆటోలో వచ్చి, కట్టమీద చేపలు తూకం వేసేది.

ఊరి మల్లికార్జున్ పటేల్ పట్నం నుంచి వచ్చేవాళ్ల కోసం అదే నీళ్లలో షికారు పడవలు పెట్టాడు. వాటితోనే కొత్త నియమం వచ్చింది. నీళ్లమీదికి పోయే ప్రతిదాంట్లో రేడియో ఉండాలి, దాంట్లో మాట్లాడేవాళ్లకు లైసెన్సు ఉండాలి. లేకపోతే పడవా కదలకూడదు, పుట్టీ కదలకూడదు.

నేర్పడానికి ఏసుదాసు అనే ఆయన వచ్చాడు. బందరు వైపు మనిషి, ఓడల్లో పనిచేసి తల నెరిసినవాడు. పంచాయతీ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేతికీ రేడియో ఇచ్చాడు.

"బటన్ నొక్కి కాస్త ఆగి మాట్లాడాలి. ముందు ఎవరిని పిలుస్తున్నామో మూడుసార్లు చెప్పాలి. తర్వాత మనమెవరమో చెప్పాలి. ప్రాణం మీదికి వస్తే 'మేడే' అని మూడుసార్లు అనాలి."

"మునిగేటోడు మూడుసార్లని యాదికి వెట్టుకుంటడా సారూ?" అన్నాడు హన్మయ్య. అందరూ పగలబడి నవ్వారు. ఏసుదాసు నవ్వలేదు.

"అన్నింటికంటే ముఖ్యం ఇంకొకటుంది. పుట్టి ఒడ్డు వదలగానే కట్టమీద నుంచి పిలవాలి. జవాబు రాకపోతే అప్పుడే వెనక్కి రప్పించాలి. గాలీ మబ్బూ కనిపించినా అంతే, ఆలోచించకుండా పిలవాలి."

నవ్వులు ఆగిపోయాయి. హన్మయ్య లేచి నిలబడ్డాడు.

"బైలెల్లినోన్ని ఎన్కకెల్లి పిలుస్తరా సారూ? మీ దిక్కు నడుస్తదేమో. మా దిక్కు నడువది."

"నీళ్లకు ఆ పట్టింపు లేదు పెద్దాయనా."

"మాకున్నది."

అయినా లైసెన్సులు వద్దనలేదు. వికారాబాద్ పోయి ఫొటోలున్న కార్డులు తెచ్చుకున్నారు. "గీ మొకం సూస్తే చాపలు గూడ వలకు రావు," అని హన్మయ్య తన కార్డు చూసుకుని తానే నవ్వుకున్నాడు. కట్టమీద ఎప్పుడూ ఉండేది సుమిత్రమ్మే కాబట్టి అక్కడి రేడియో సెట్టు ఆమె చేతికి వచ్చింది.

పుట్టిలన్నింటికీ నంబర్లు వేశారు, ఒకటో నంబర్ హన్మయ్యది. మొదటిరోజు అతని పుట్టి ఒడ్డు విడవగానే ఆమె బటన్ నొక్కి పిలిచింది. హన్మయ్య జవాబివ్వలేదు. పుట్టి మళ్లించుకుని ఒడ్డుకు వచ్చి, బండమీద కూర్చుని, నీళ్లు తాగి, చాలాసేపటికి లేచాడు.

"చెల్లెవని ఊకున్న. ఇంకోపారి పిలిస్తే డబ్బను నీళ్లల్ల పారేస్త."

"మరి సారు చెప్పిండు గద అన్నా!"

"బోడగుట్ట దాక పోనియ్. ఆడ పుట్టి ఆపి వల తీస్త గద, అప్పుడు పిలువు. చేరినోన్ని పిలిస్తే దోషం లేదు."

సుమిత్రమ్మకూ ఆ మాటే నచ్చింది. ఆమె భర్త తాండూరు నాపరాయి లారీమీద పనికి బయలుదేరిన ఒకరోజు, సద్ది మరిచిపోయాడని ఆమే వాకిట్లోంచి కేకేసి పిలిచింది. మళ్లీ ఆ మనిషి ఇంటికి నడిచి రాలేదు. లారీ బోల్తాపడ్డదని అందరూ అన్నారు. ఆమె మాత్రం ఆ కేకను మరిచిపోలేదు.

అప్పటినుంచి ఏ పుట్టి అయినా బోడగుట్ట చేరాకే పిలిచేది. ఈ సంగతి తెలిసి పటేల్, "సారు అడిగితే ఒడ్డుమీదనే పిలుస్తున్నమని చెప్పు సుమిత్రమ్మా," అని తన దారిన తాను పోయాడు.

రోహిణి కార్తె ఎండలు మండుతున్నాయి. ఆరోజు మధ్యాహ్నం హన్మయ్య అందరికంటే ముందు పుట్టి దింపాడు. అతను కొంత దూరం పోయాక తాండూరు వైపు ఆకాశం మట్టిరంగు తిరిగింది. పటేల్ ఫోను పట్టుకుని కట్టమీద పరుగున వచ్చాడు.

"గాలిదుమారం వస్తదట. నా పడవలన్నీ ఒడ్డుకు రమ్మన్న. మీ అన్నను గూడ పిలువు!"

సుమిత్రమ్మ సెట్టు నోటిదగ్గర పెట్టుకుంది. అన్న వీపు కనిపిస్తోంది. నెత్తిన చుట్టుకున్న తువ్వాల కనిపిస్తోంది. బోడగుట్టకు ఇంకా సగం దారి ఉంది. వేలు బటన్‌మీద ఉంది గానీ కిందికి దిగలేదు. కళ్లముందు పాత వాకిలి నిలిచింది. సద్దిగిన్నె, భర్త వెనక్కి తిరిగిన మొహం. జర ఆగుదాం, గుట్ట చేరనీ, అనుకుంది.

"పిలిచినవా?" అని పటేల్ అరిచాడు.

ఆమె బోడగుట్ట వైపే చూస్తోంది.

గాలి ఒక్కసారిగా మీద పడింది. తూకం కాటా ఎగిరి పడింది. నీళ్లు నల్లగా లేచాయి. అప్పుడు నొక్కింది బటన్.

"ఒకటో నంబర్, ఒకటో నంబర్, ఒకటో నంబర్! కట్ట పిలుస్తున్నది. అన్నా, మర్లి రా! అన్నా!"

సెట్టులో గరగర తప్ప ఏమీ రాలేదు. దుమ్ములో తువ్వాల కనిపించలేదు.

మరునాడు పొద్దున బోడగుట్ట పక్కన హన్మయ్య దొరికాడు. నడుముకు కట్టుకున్న సంచిలో రేడియో పొడిగా ఉంది. దాని దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. కబురంది వచ్చిన ఏసుదాసు దాన్ని చేతిలోకి తీసుకుని బటన్ నొక్కాడు. సుమిత్రమ్మ ఒళ్లోని సెట్టు గర్రుమంది. ఆమె ఉలిక్కిపడింది.

"బాగానే పనిచేస్తోంది," అన్నాడాయన. "మబ్బు కనబడగానే పిలిచావా అమ్మా?"

"లేదు సారూ."

ఆయన రేడియో ఆపి పక్కన పెట్టాడు.

హన్మయ్య భార్య మల్లీశ్వరి శవం పక్కనుంచి తల ఎత్తింది.

"నేనొకటి అడుగుత, నిజం చెప్పు సుమిత్రా. పోతున్న మనిషిని ఎన్కకెల్లి పిలిచినవా?"

"పిలిచిన వదినా."

మల్లీశ్వరి ఆమె మొహంలోకి చాలాసేపు చూసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆరోజు నుంచి ఆడబిడ్డతో మాట్లాడలేదు.

దినాలు అయ్యాక పుట్టిలు మళ్లీ నీళ్లలోకి దిగాయి. సుమిత్రమ్మ రానంది. లైసెన్సున్న మనిషి కట్టమీద లేకపోతే ఎవరినీ పోనివ్వరని పటేల్ ఇంటికి వచ్చి బతిమాలాడు. వచ్చింది. మల్లీశ్వరి కూడా వచ్చింది, ఇల్లు గడవాలి కదా. కాటా దగ్గర ఆడబిడ్డకు వీపు పెట్టి కూర్చుంది.

పుట్టిలు ఒక్కొక్కటే ఒడ్డు విడిచాయి. కొంచెం దూరం పోయి అన్నీ ఆగాయి. పుట్టి గుండ్రటిది, తెడ్డు ఒక్కసారి వేస్తే చాలు, ఎటంటే అటు తిరుగుతుంది. అందరూ పుట్టిలు తిప్పుకుని, కట్టకు ఎదురుగా మొహం పెట్టి, రేడియోలు చేతపట్టుకుని కూర్చున్నారు.

"పిలువు అక్కా!" అని ఎవరో అక్కడినుంచే అరిచారు. "మొకం ఇటే ఉన్నది!"

మల్లీశ్వరి వెనక్కి తిరగకుండానే అంది. "ఇప్పుడు తిప్పుకున్నరు మొకాలు."

సుమిత్రమ్మ సెట్టు ఎత్తింది. పిలవాల్సిన వరస ఆమె నోటికి వచ్చినదే, రోజూ పిలిచినదే.

"ఒకటో నంబర్, ఒకటో నంబర్, ఒకటో నంబర్. కట్ట పిలుస్తున్నది."

పుట్టిల్లో ఎవరూ కదలలేదు. మల్లీశ్వరి చేతిలోని చేప జారి బండమీద పడింది. నీళ్లమీద ఏ గొంతూ పలకలేదు.

ఏసుదాసు నేర్పినట్టే ఆమె జవాబు కోసం ఆగింది. సెట్టులో గరగర వింటూ, ఆగాల్సినదానికంటే ఎక్కువసేపే ఆగింది. తర్వాత బటన్ మళ్లీ నొక్కింది.

"రెండో నంబర్..."