చింతపండుతో తోమిన రాగిరేకు

మనస్విని రెండేళ్లుగా ఒక పూత వెంటపడింది. రాగి మీద పూసే పూత. గీత పడితే లోపలి జిగురు కారి గీతను పూడ్చెయ్యాలి, కరెంటు మాత్రం ఎప్పట్లాగే పారాలి. కరెంటు బాగానే పారుతోంది, గీతే పూడి చావడం లేదు. ఏసీ ల్యాబులో మూడు రోజులుంచినా అంతే. "రేపటికి పూడకపోతే ఈ పని ఆపేద్దాం" అని ల్యాబు పెద్ద సారు తేల్చేశారు.

ఆఖరుసారి చూసుకుందామని లాల్‌దర్వాజాలోని ఇంటికి తెచ్చిన, ఆ పూత పూసిన రాగిరేకు గురువారం మధ్యాహ్నం వచ్చేసరికి అలమరలో లేదు. శుక్రవారం పూజకని గురువారమే రాగి సామాను తోమడం వాళ్లమ్మ సత్తెమ్మకు అలవాటు. చెంబులతో పాటు రేకునూ తోమి మేడ మీద ఎండబెట్టింది.

"అమ్మా! కొంప ముంచినవ్ కదనే!"

"ఏందే గా లొల్లి? ఉప్పు, చింతపండు పెట్టి మంచిగనే తోమిన. తోమంగ ఎర్రటి గీతలు తేలి మస్తు మెరిసింది. ఇప్పుడు చూస్తే మళ్ల మబ్బువట్టింది. నా చేతుల పస పోయింది బిడ్డా."

మనస్విని కోపం అక్కడే ఆగిపోయింది. తేలిన గీతలు ఏమైనట్టు? భూతద్దం పెట్టి వెతికింది. ఒక్కటీ లేదు.

రేకును కత్తెరతో రెండు ముక్కలు చేసింది. రెంటి మీదా సూదితో గీత గీసి, ఒకటి ఫ్యాను కింద, ఒకటి కాలుతున్న గచ్చు మీద పెట్టింది. గంట గడిచేసరికి ఆమెకు కొరకడానికి గోళ్లు మిగల్లేదు.

"అమ్మా, రెండూ తోము."

"పిచ్చి లేసిందా నీకు?" అంటూనే సత్తెమ్మ చింతపండు అందుకుంది. నీడలో ఉన్న ముక్క మీద గీత ఎర్రగా తళుక్కుమంది. ఎండలోది ఎంత తోమినా మెరవలేదు. పులుపు రాగిదాకా పోతేగా! మీటరు పెడితే కరెంటు ఎప్పట్లాగే పారుతోంది.

జిగురుకు కావలసింది వెచ్చదనం. రెండేళ్లూ తామే దాన్ని చలిలో కూర్చోబెట్టారు. మనస్వినికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సారుకు ఫోను కలిపింది.

"గీత పూడింది సార్! ఎండకు పెడితే గంటలో పూడింది."

"ఎండలో పెట్టాలని ఎవరికి తట్టింది?"

"మా అమ్మకు సార్."

సత్తెమ్మ మెరవని ముక్కను కొంగుతో తుడుస్తూ చిన్నబోయి కూర్చుంది.

"సార్‌కు నా పేరు చెప్పకు బిడ్డా. ఇంకోపాలి గట్టిగ తోమి ఇస్త, ఆగు."